ప్లేటులో ఉన్నది ఉన్నట్టుగా: పాత పాటల రికార్డులను వినడం, ఎక్కించడం, దాచడం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బల్ల మీద ఉన్న ఈ ప్లేటు ముందు వరుసలవాళ్లకు కనబడుతోంది కదా? వెనక ఉన్నవాళ్ల కోసం చెబుతాను. పది అంగుళాల నల్ల ప్లేటు. మధ్యలో కాగితం లేబులు. ఒకవైపు నాటకంలో పద్యం, రెండోవైపు కీర్తన. ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు. బరువు సుమారు 200 గ్రాములు. ఇలాంటివి మన ఇళ్లలో అటకల మీదా ట్రంకుపెట్టెల్లోనూ ఇంకా ఉన్నాయి. తాతగారి ప్లేట్లు అంటాం, దసరాకు దుమ్ము దులుపుతాం, మళ్లీ పైన పెట్టేస్తాం. వాటిని ఏం చెయ్యాలి? ఎలా వినాలి? కంప్యూటరులోకి ఎక్కించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ చెడగొట్టుకుంటాం? ఇవాళ చెప్పదలచింది అదే.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను, దీన్నే మళ్లీ మళ్లీ చెబుతాను కూడా. ప్లేటులో ఉన్నది ఉన్నట్టుగా ముందు ఒక ప్రతి తీసి దాచండి. బాగుచేయడం తర్వాత. గరగర తీసేయడం, గొంతు తేటపరచడం, అన్నీ తర్వాత. ఈ వరుస తలకిందులైతే పోయేది మళ్లీ దొరకదు.

ఇక వెనక్కి వెళదాం. పాటను దాచుకోవాలన్న తపన గ్రామఫోనుతో పుట్టింది కాదు కదా. రాగిరేకులు దాచిన తిరుమల సంకీర్తన భాండాగారం సంగతి మీకు తెలుసు. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుంచి 1503 దాకా జీవించారు. ఆ సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు. వాటిలో ఇవాళ మనకు పన్నెండు వేలకు పైగా దక్కాయి. ఐదు వందల ఏళ్ల నాటి రాగి. తాటాకైతే ఎన్నిసార్లు తిరగరాయాల్సి వచ్చేదో! ఆ రేకు మీద ఏముంది? పల్లవి ఉంది, చరణాలున్నాయి, పైన రాగం పేరుంది. స్వరం లేదు. ఏ సంగతి, అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరు, ఎక్కడ పడుతుందో లేదు. సాహిత్యం చెక్కుచెదరకుండా వచ్చింది, పాడిన బాణీ గాలిలో కలిసిపోయింది. ఇవాళ మనం వినే వరసల్లో చాలాభాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, బాలమురళీకృష్ణగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, ఇలాంటి పెద్దలు ఆ సాహిత్యానికి మళ్లీ స్వరం పోశారు. వాళ్ల పని గొప్పది. అయినా అన్నమయ్య పాడిన వరస ఇదీ అని ఎవరం చెప్పలేం.

ఇంకో మజిలీ 1904. ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులుగారు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చు వేయించారు. తమిళదేశంలో అచ్చయిన ఆ పుస్తకం తెలుగు లిపిలో ఉంది! ముత్తుస్వామి దీక్షితుల కృతులకు స్వరం రాసి, గమకాలకు, అంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరులకు, విడివిడిగా గుర్తులు పెట్టారు. కంపితానికి ఒక గుర్తు, జారుకు ఒక గుర్తు. రాగిరేకులో లేని స్వరం ఇక్కడుంది. మరి గొంతు? గొంతు కాగితం మీద రాదు. ఆ గుర్తు చూసి ఎంత ఊపాలో గురువు దగ్గర విన్నవాడికే తెలుస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే గొంతును పట్టే యంత్రం మన దేశంలో అడుగుపెట్టింది. 1902 చివర్లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన గ్రామఫోన్ కంపెనీ తరఫున కలకత్తాలో దిగాడు. అప్పుడు పాడినవాళ్లలో గాయని గౌహర్ జాన్ పేరు మీరు వినే ఉంటారు. పాట అయిపోగానే తన పేరు ఇంగ్లీషులో తనే గట్టిగా చెప్పేది. ఎందుకు? పాటను గీసిన మైనం అచ్చు ఓడెక్కి జర్మనీలోని హానోవర్‌కు వెళ్లేది, ప్లేట్లు అక్కడ తయారయ్యేవి. అక్కడి పనివాళ్లకు మన భాష రాదు. ఏ మైనం ఎవరిదో తెలియాలంటే పేరు పాటలోనే ఉండాలి. 1908లో కలకత్తా సియాల్డాలో ఫ్యాక్టరీ పెట్టాక గాని ప్లేట్లు మన దేశంలో అచ్చుకాలేదు. చివర్లో పేరు చెప్పడం గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో అది మనకు ఎంత పనికొస్తుందో చూపిస్తాను.

దక్షిణాదిన కూడా మొదటి దశాబ్దంలోనే రికార్డింగులు జరిగాయి. సేలం గోదావరి, బెంగుళూరు నాగరత్నమ్మ, కోయంబత్తూరు తాయి లాంటి గాయనులు ముందుకొచ్చారు. పెద్ద విద్వాంసులు చాలామంది వెనకాడుతున్నప్పుడు ఈ స్త్రీలు రికార్డింగు కొమ్ము ముందు నిలబడి త్యాగరాజ కృతులు పాడారు, పదాలు పాడారు, జావళీలు పాడారు. అందులో సగానికి సగం తెలుగే. మన భాష మొదటగా ప్లేటెక్కిన గొంతులు అవి. వాళ్లకు మనం పడిన రుణం ఇంకా తీర్చుకోలేదని నా అభిప్రాయం.

ఆ రికార్డింగు ఎలా జరిగేదో ఒక్కసారి ఊహించండి. 1925 దాకా మైక్రోఫోను వాడకం లేదు. ఒక పెద్ద కొమ్ము, దాని చివర పలచటి పొర, పొరకు సూది, సూది కింద తిరిగే మైనం బిళ్ల. గాయకుడు కొమ్ములోకి ముఖం పెట్టి పాడాలి. గట్టిగా పాడితే సూది గాడి దాటేస్తుంది, మెల్లగా పాడితే గరగరలో కలిసిపోతుంది. తప్పు పడితే దిద్దే దారి లేదు, ఇంకో మైనం పెట్టి మొదటినుంచీ పాడాలి. పాడింది సరిగా వచ్చిందో లేదో వినడానికీ లేదు, వింటే మైనం చెడుతుంది. ఆ పొర పట్టేది సుమారు 200 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) నుంచి 2,500 హెర్ట్జ్ దాకా. దాని కింద ఉన్న మృదంగం తొప్పి, అంటే ఎడమవైపు మోత, పోయింది, దాని పైన ఉన్న తంబురా జవారి, అంటే తీగల ఝుంకారం, పోయింది. కనక 1910 నాటి ప్లేటు విని, ఆ రోజుల్లో మృదంగం ఇంత పేలవంగా వాయించేవారా అనుకోకండి. వాయించినవారు బాగానే వాయించారు, కొమ్ముకు వినబడలేదు.

ఇంక ఆ మూడు నిమిషాలు. పది అంగుళాల ప్లేటుకు మూడు నిమిషాల పైన ఓ ఇరవై సెకండ్లు, పన్నెండు అంగుళాలకు నాలుగు, నాలుగున్నర. కచేరీలో అరగంట పాడే కృతి ఇందులో ఇమడాలి. ఏం చేశారు? ఆలాపన పది, పదిహేను సెకండ్లు. పల్లవికి రెండు సంగతులు. అనుపల్లవి, చరణం పరుగు. ఈ ప్లేట్లు విని కాలప్రమాణం లెక్కగట్టేవాళ్లున్నారు, వాళ్లకు నా మనవి ఒకటే: అది కచేరీ నడక కాదు, గడియారం నడక. కానీ మన పద్యానికి మాత్రం ఈ మూడు నిమిషాలు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. చూడండి, ఒక సీసమో రెండు వృత్తాలో, ముందు కాస్త రాగం, చివర ఒక దీర్ఘం. అంతే, ప్లేటు నిండుతుంది. కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యాలు గ్రామఫోను మీద అంత పేరు తెచ్చుకున్నాయంటే గొంతు ఒక కారణం, ఆ కొలత ఇంకో కారణం.

ప్లేటును చేతిలోకి తీసుకోవడం

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ఈ ప్లేటు దేనితో చేశారు? చాలామంది మైనం అంటారు, ఇంకొందరు ప్లాస్టిక్ అంటారు. ఇది లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్కపురుగు పెట్టే జిగురు. కాని ప్లేటులో లక్క పాలు తక్కువే, ఎక్కువ పాలు రాతిపొడి, దానికి తోడు నలుపు కోసం మసి. రాతిపొడి ఎందుకు? ఉక్కు ముల్లును అరగదియ్యడానికి! ప్లేటు మొదటి కొన్ని చుట్లు తిరిగేసరికి ముల్లు కొన అరిగి గాడి ఆకారానికి సరిపోవాలి. అందుకే ఒక వైపుకు ఒక ముల్లు అనేవారు. పొదుపు చేసి అదే ముల్లుతో పది ప్లేట్లు వేస్తే ఏమవుతుంది? అరిగిన ముల్లు ఉలిలా మారి గాడి గోడలను చెక్కేస్తుంది. మీ దగ్గరున్న ప్లేట్లలో గట్టిగా పాడిన చోటల్లా బొంగురు వినబడుతుందే, అది ఈ పొదుపు ఫలితం.

లక్క అన్నాక ఒక ప్రమాదం వెంటనే గుర్తుకు రావాలి. వడ్రంగులు ఇక్కడుంటే చెప్పండి, లక్క దేనిలో కరుగుతుంది? స్పిరిట్‌లో. ప్లేటు తుడవడానికి స్పిరిట్ వాడితే, శానిటైజర్ వాడితే, కళ్లద్దాలు తుడిచే ద్రావకం వాడితే, పైపొర కరిగి గాడి నునుపైపోతుంది. ఆ తర్వాత ఏం చేసినా పాట రాదు. ఎల్పీలకు, అంటే తర్వాత వచ్చిన ప్లాస్టిక్ లాంగ్ ప్లే రికార్డులకు, వాడే ద్రావకాల్లో కూడా కొన్నిటిలో ఆల్కహాలు ఉంటుంది, సీసా మీద చదవండి. మెరుపు కోసం నూనె రాయొద్దు. కిరోసిన్ జోలికి పోవద్దు.

మరి ఎలా కడగాలి? ముందు పొడిగా, మెత్తటి కుంచెతో, గాడి వెంట గుండ్రంగా దులపాలి. అడ్డంగా కాదు. తర్వాత డిస్టిల్డ్ వాటర్, అదే బ్యాటరీలకు పోసేది, ఒక లీటరులో రంగూ వాసనా లేని మెత్తని ద్రవ సబ్బు నాలుగైదు చుక్కలు. బోరు నీళ్లు వద్దు, అందులోని ఉప్పు గాడిలో ఎండి కూర్చుంటుంది, అది మళ్లీ కొత్త గరగర. లేబులు తడవకూడదు. అరచేతి వెడల్పు ప్లాస్టిక్ మూత ఒకటి లేబులు మీద బోర్లించి పట్టుకుంటే చాలు. కుంచెతో గాడి వెంట నాలుగైదు చుట్లు, వెంటనే ఉత్త డిస్టిల్డ్ వాటరుతో రెండుసార్లు కడగడం, నూగు రాలని మెత్తటి బట్టతో అద్దడం. నానబెట్టొద్దు. నిలువుగా నిలబెట్టి నీడలో ఆరనివ్వాలి. పూర్తిగా ఆరాక గాని ముల్లు పెట్టొద్దు. కోస్తా ఊళ్లలో, ముఖ్యంగా వానాకాలంలో, ప్లేటు మీద తెల్లటి బూజు పడుతుంది. అది ఉండగా వాయిస్తే ముల్లు బూజును గాడి అడుక్కు కూరుతుంది. ముందు కడగాలి.

ఇంకో సంగతి. ఒకదాని మీద ఒకటి బోర్లా పేర్చడం మానండి. యాభై ప్లేట్లు పేరిస్తే పది కిలోల బరువు అడుగు ప్లేటు మీద ఉంటుంది. పుస్తకాల్లాగా నిలువుగా, ఒరగకుండా, ఒక్కోదానికి ఒక్కో కాగితం కవరు. ఎండ తగిలే కిటికీకి దూరంగా. మన మే నెలలో ఎండపొడ తగిలిన ప్లేటు అప్పడంలా వంగిపోతుంది.

ముల్లు, బరువు, గాడి

ఇప్పుడు ఎక్కించడం. దయచేసి ఒకటి వినండి: తాతగారి కీ గ్రామఫోను మీద వేసి, ఫోను పక్కన పెట్టి రికార్డు చేస్తే దాన్ని ఎక్కించడం అనరు. దాని ముల్లు బిగించి ఉండే సౌండుబాక్సు బరువు వంద గ్రాముల పైనే ఉంటుంది. ప్రతిసారీ గాడి కొంత పోతుంది. పండగ రోజు సరదాగా, రెండు ప్రతులున్న ప్లేటైతే, సరే. ఒక్కటే ఉన్న ప్లేటుకు ఆ పని చెయ్యకండి.

78 వేగం (నిమిషానికి 78 చుట్లు) ఉన్న ఎలక్ట్రిక్ టర్న్‌టేబుల్ కావాలి. ముల్లు బరువు మూడు నుంచి ఐదు గ్రాములు. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ముల్లు సైజు. ఎల్పీ ముల్లు కొన 18 నుంచి 25 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. 78 ప్లేటు గాడికి కావలసింది 65 నుంచి 75, పాత కొమ్ము రికార్డులకు 90 దాకా కూడా. ఎల్పీ ముల్లు పెడితే అది గాడి గోడలను ముట్టుకోకుండా అడుగున, దుమ్ములో, అటూ ఇటూ కొట్టుకుంటూ పోతుంది. పాట వినబడుతుంది కూడా, అదే మోసం. గరగర మాత్రం రెట్టింపు.

మంచి పద్ధతి ఏమిటంటే, మూడు నాలుగు సైజుల ముళ్లు దగ్గర ఉంచుకోవాలి. ఒక్కోదానితో అదే అరనిమిషం వాయించి పోల్చాలి. ఎందుకో చెప్తాను. పాత ఉక్కు ముల్లు గాడి గోడను ఒక లోతులో అరగదీసింది. ఆ గీత పైనా కిందా గోడ ఇంకా తాజాగానే ఉంది. కాస్త లావు ముల్లు పెడితే అరుగుకు పైన కూర్చుంటుంది, కాస్త సన్నటిది పెడితే కింద కూర్చుంటుంది. ఆ తాజా గోడ మీదినుంచి గొంతు కొత్తగా పలుకుతుంది. పనికిరాదని పారేయబోయిన ప్లేటు ముల్లు మార్చగానే పాడటం మొదలుపెడుతుంది.

అన్ని ప్లేట్లూ మోనోయే కదా అని మోనోలో ఎక్కించకండి. స్టీరియో కార్ట్రిడ్జితో (ముల్లు బిగించే భాగం), గాడి రెండు గోడలనూ రెండు ఛానెళ్లుగా తీసుకోండి. ఒక గోడ ఎక్కువ అరిగి ఉంటే రెండోదాన్ని వాడుకోవచ్చు. రెండూ బాగుంటే తర్వాత కలపొచ్చు, కలిపినప్పుడు పైకీ కిందికీ ఎగిరే చప్పుడు కొంత రద్దవుతుంది.

ఇంకో మెలిక. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి ధ్వనిని పెంచే ఇవాళ్టి ఫోనో ప్రీయాంప్లిఫయర్లు దాదాపు అన్నీ ఆర్ఐఏఏ అనే కొలతతో పనిచేస్తాయి. అది 1950ల మధ్యలో స్థిరపడింది. ఆ కొలత 50 హెర్ట్జ్ దగ్గర ధ్వనిని 17 డెసిబెల్స్ పెంచుతుంది, 10,000 దగ్గర 14 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుంది. ఎల్పీని ఆ లెక్కకు తగ్గట్టే కోశారు కనక సరిపోతుంది. 1910 నాటి ప్లేటుకు ఇది పెడితే? 50 హెర్ట్జ్ దగ్గర దానిలో పాటే లేదు, ఉన్నది మోటారు గుమగుమ. దాన్ని పెంచుతున్నాం. పై స్థాయిల్లో అంతంతమాత్రంగా ఉన్న హల్లుల పదును, స, శ, చ తేడా, దాన్ని తగ్గిస్తున్నాం. ఆ తర్వాత, పాతకాలం వాళ్ల ఉచ్చారణ స్పష్టంగా లేదండీ అంటాం! కనక ఫ్లాట్‌గా, ఏ కొలతా పెట్టకుండా ఎక్కించాలి. ఈక్వలైజేషను, అంటే హెచ్చు తగ్గు స్థాయిల పాళ్లు సరిచెయ్యడం, తర్వాత, విడి ప్రతి మీద.

ఏ ప్లేటు కొమ్ముదో ఏది మైక్రోఫోనుదో ఎలా తెలుస్తుంది? లేబులు పక్కన నల్లటి ఖాళీ వలయం ఉంటుంది చూడండి, అందులో మ్యాట్రిక్స్ నంబరు చెక్కి ఉంటుంది. లైటు ఏటవాలుగా పట్టి చూడాలి. హెచ్ఎంవీ ప్లేట్ల మీద ఆ నంబరు తర్వాత చిన్న త్రిభుజం ఉంటే అది ఎలక్ట్రికల్, అంటే మైక్రోఫోను, రికార్డింగు. ఈ నంబరు తప్పకుండా రాసుకోండి. లేబులు మీది నంబరు అమ్మకానిది, మ్యాట్రిక్స్ నంబరు ఆ ఒక్క పాడటానికిది. అన్నమయ్య కీర్తనకు రేకు సంఖ్య ఎలాగో దీనికి ఇది అలాగ.

కంప్యూటరులో 96 కిలోహెర్ట్జ్, 24 బిట్, వావ్ ఫైలు. ఒక వైపు సుమారు 115 మెగాబైట్లు అవుతుంది. ఇవాళ అదేమంత చోటు కాదు. లెవెలు తగ్గించే పెట్టండి, పాట కంటే పగుళ్ల టకటకలు గట్టిగా ఉంటాయి. లెవెలు ఎక్కువై వాటి కొసలు తెగిపోతే తర్వాత సాఫ్టువేరు వాటిని గుర్తుపట్టలేదు.

వేగం, శ్రుతి

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి వచ్చాం. 78 అంటున్నాం. నిజంగా 78ఏనా? మన 50 హెర్ట్జ్ కరెంటు కింద 77 గీతల స్ట్రోబ్ చక్రం (వేగం చూడటానికి ప్లేటు మీద పెట్టే గీతల బిళ్ల) నిశ్చలంగా కనబడితే వేగం 77.92. ఆ చక్రాన్ని నియాన్ దీపం కింద చూడండి, కొత్త ఎల్ఈడీ బల్బుల కింద సరిగా కనబడదు. ఇది ఇవాళ్టి యంత్రం సంగతి. ఆనాడు రికార్డు చేసినప్పుడు మైనం ఎంత వేగంతో తిరిగింది? 1920ల ముందు ఒక్కో చోట ఒక్కో వేగం. డెబ్బై నుంచి ఎనభై పైన దాకా. 74తో రికార్డయిన ప్లేటును 78తో వాయిస్తే ఏమవుతుంది? దాదాపు అర శ్రుతి పెరుగుతుంది. ఐదు శ్రుతిలో పాడినాయన ఐదున్నరలో పాడినట్టు వినిపిస్తాడు. గమకం వేగం పెరుగుతుంది, గొంతు సన్నబడుతుంది. ఎంత పైశ్రుతిలో పాడేవారో చూడండి అని మనం మురిసిపోతాం!

మరి అసలు వేగం ఎలా పట్టుకోవాలి? హార్మోనియం ఉంటే మొదటి ఆధారం అదే. హార్మోనియం మెట్టు అర శ్రుతి చొప్పున ఉంటుంది, మధ్యలో ఉండదు. కనక ఆధార షడ్జం ఏదో ఒక మెట్టు మీద పడాలి. అంటే మీకు అన్ని వేగాలూ సాధ్యం కావు, కొన్నే సాధ్యం. ఆరు శాతం తేడాతో ఒకటి. 78 ఒకటైతే దాని కింది మెట్టు 73.6, పై మెట్టు 82.6. ఈ మూడిట్లో ఏది? ఇక్కడ ఆ చివరి ప్రకటన పనికొస్తుంది. పాట విని వేగం చెప్పడం కష్టం, మాట విని చెప్పడం తేలిక. మనిషి మామూలుగా మాట్లాడే తీరు మన చెవికి తెలుసు. గాయని తన పేరు చెప్పిన ఆ రెండు సెకండ్లను మూడు వేగాలతో వినండి. ఒకటి చిలకలా ఉంటుంది, ఒకటి నిద్రమత్తులా ఉంటుంది, ఒకటి మనిషిలా ఉంటుంది. హానోవర్ పనివాళ్ల కోసం చెప్పిన పేరు, నూరేళ్ల తర్వాత మనకు శ్రుతిపెట్టె అయింది. అందుకే ఆ ప్రకటన అడ్డంగా ఉందని ఎవరైనా కత్తిరిస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ వేగం గొడవ ఎంత దూరం పోతుందో ఒక ఉదాహరణ. 1860లో పారిస్‌లో స్కాట్ ద మార్తాన్‌విల్ అనే ఆయన మసి పూసిన కాగితం మీద ఒక జానపద గీతం ధ్వని గీతల్ని గీయించాడు. తిరిగి వాయించే ఉద్దేశమే లేదు, చూడటానికే. 2008లో అమెరికాలో ఆ గీతలను కంప్యూటరుతో చదివి వినిపించారు. ఆడపిల్ల గొంతు అనుకున్నారు. తర్వాత లెక్క చూసుకుంటే రెట్టింపు వేగంతో వాయించారని తేలింది. పక్కనే గీయించిన శ్రుతిదండం కంపనాలను లెక్కపెట్టడంలో పొరపాటు. సగానికి తగ్గిస్తే అది మగగొంతు, బహుశా స్కాట్ సొంత గొంతే. చూశారా? వేగం తప్పితే మనిషే మారిపోయాడు.

ఇంకొకటి, ఇది కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ప్లేటు మధ్య రంధ్రం కొంచెం పక్కకు పడితే శ్రుతి ఊగుతుంది. ఎంత వేగంతో? నిమిషానికి 78 చుట్లు, అంటే సెకనుకు 1.3 సార్లు. దీర్ఘంగా నిలిపిన పంచమం మెల్లగా ఊగుతూ వినబడుతుంది. దాన్ని ఆ గాయకుడి ప్రత్యేకమైన గమకం అనుకుని సాధన చేస్తే? పరీక్ష తేలిక. కదలకూడని షడ్జ పంచమాలు కూడా అదే లెక్కన ఊగుతుంటే, వయొలిను, తంబురా కూడా దానితోపాటే ఊగుతుంటే, అది రంధ్రం పని. టోన్‌ఆర్మ్ (ముల్లును మోసే చెయ్యి) వైపు చూడండి, ప్రతి చుట్టుకూ ఎడమకూ కుడికీ జరుగుతుంటుంది. రంధ్రాన్ని గీకి పెద్దది చెయ్యకండి. మధ్య కడ్డీ తీసెయ్యగల టర్న్‌టేబుల్ మీద ప్లేటును వేలితో నెడుతూ, ఆర్మ్ కదలిక ఆగేదాకా సరిచెయ్యాలి. ఐదు నిమిషాల పని.

శుభ్రం చేసే సాఫ్టువేరు గురించి రెండే ముక్కలు. టకటకలు తీసెయ్యండి, తప్పులేదు. గరగరను మాత్రం పూర్తిగా తీసెయ్యాలని చూడకండి. ఎక్కువ తీస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. ఎంతవరకు తీయొచ్చో తెలియాలంటే, తీసేసిన దాన్ని విడిగా వినండి. చాలా సాఫ్టువేర్లలో ఆ వీలుంది. ఆ చెత్తలో గరగర ఒక్కటే ఉంటే సరే. అందులో పాట లీలగా వినబడుతోందా? సంగతి కొసలు, తంబురా మోత వినబడుతోందా? అంటే మీరు పాటను పారేస్తున్నారు. వెనక్కి రండి.

ఎల్పీ, టేపు, క్యాసెట్టు

ఎల్పీలు వచ్చాక ఆ మూడు నిమిషాల కట్టు తెగింది. ఒక వైపు ఇరవై నిమిషాల పైన. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం ఎల్పీగా వచ్చింది. అంత పొడుగు స్తోత్రం మధ్యలో ప్లేటు మార్చకుండా వినగలగడం అంతకుముందు కుదిరే పనేనా? ఘంటసాలగారి భగవద్గీత కూడా అంతే, ఆయన 1974లో పోయాక విడుదలై ఊరూరా గుడి మైకుల్లోకి ఎక్కింది. ఈ ఎల్పీల ప్రతులు కావలసినన్ని ఉన్నాయి కనక నాకు వాటి గురించి బెంగ లేదు.

బెంగ ఉన్నది ఇళ్లలోని టేపుల గురించి, క్యాసెట్ల గురించి. 78 ప్లేటు పగలకుండా ఉంటే ఇంకో నూరేళ్లు ఉంటుంది. క్యాసెట్టు అన్నేళ్లు ఉండదు. పెళ్లిలో నాదస్వరం, ఊళ్లో హరికథ, భజన గోష్ఠి, గురువుగారి పాఠం, ఇవన్నీ ఒక్కటే ప్రతి ఉన్నవి. ప్లేటు కంటే ముందు వీటిని ఎక్కించండి. క్యాసెట్టు తెరిచి చూస్తే టేపు వెనక చిన్న ఉన్నిముక్క ఉంటుంది, సన్నటి లోహపు రేకు మీద అంటించి. దాని జిగురు ఎండి అది ఊడిపోతుంది. అప్పుడు టేపు దాన్ని చదివే హెడ్డుకు ఆనదు, ధ్వని మసకబారుతుంది. టేపు పోయిందనుకుని పారేస్తాం. పాడైన ఇంకో క్యాసెట్టులోంచి ఆ ముక్క తీసి పెడితే పాట తిరిగొస్తుంది, లేదా స్క్రూలున్న మంచి డబ్బాలోకి రీలు మార్చొచ్చు. వేసే ముందు ఒకసారి ఆ చివరి దాకా, మళ్లీ ఈ చివరి దాకా తిప్పండి, అంటుకున్న పొరలు వదులవుతాయి. హెడ్డు వాలును సరిచేసే అజిముత్ స్క్రూ తిప్పి, హెచ్చుస్థాయి బాగా పదునుగా వినబడే చోట ఆపండి, ప్రతి క్యాసెట్టుకూ మళ్లీ. సీ-120 క్యాసెట్ల టేపు మరీ పలచన, దాన్ని వేగంగా తిప్పకండి. రీలు టేపు తెరవగానే పుల్లటి వెనిగర్ వాసన వస్తే అది ఎసిటేట్, అంటే ఒకరకం పాత టేపు ప్లాస్టిక్, కుళ్లడం. ఆ రీలును మిగతావాటికి దూరంగా పెట్టి ముందుగా దాన్నే ఎక్కించాలి. పాలియెస్టర్ రీళ్లు బంకబంకగా ఉంటే నిపుణులు 50 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఆరబెట్టి వాయిస్తారు, కాని ఎసిటేట్ రీలుకు ఆ వేడి పెడితే చచ్చిపోతుంది. ఏదో తెలియకపోతే వేడి పెట్టొద్దు. రీలును దీపానికి ఎదురుగా పట్టి పక్కనుంచి చూడండి, వెలుతురు దాటి వస్తే సాధారణంగా అది ఎసిటేట్.

ఎక్కించిన ఫైలును వాట్సాప్‌లో పంపి, తర్వాత అసలుది పోగొట్టుకునేవాళ్లు చాలామంది. వాట్సాప్‌లో ఆడియోగా వెళ్లింది కుదించిన ప్రతి కావచ్చు. అసలు ఫైలు మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఫైలు పక్కన ఒక కాగితం: లేబులు మీద ఏముందో, మ్యాట్రిక్స్ నంబరు, ఏ ముల్లు, ఎంత వేగం, ఆ వేగం ఎందుకు అనుకున్నారో. లేబుళ్ల ఫోటోలు రెండువైపులా. మీ లెక్క తప్పయితే తర్వాతివాళ్లు ఆ కాగితం చూసి దిద్దుకుంటారు.

చివరగా పగిలిన ప్లేట్లు. పగిలింది కదా అని ఊడ్చి పారేయకండి. ఫెవిక్విక్ పెట్టి అతికించకండి కూడా, జిగురు గాడిలోకి దిగుతుంది, అంచులు ఇక ఎప్పటికీ కలవవు. ముక్కలన్నీ, చిన్న పెంకుతో సహా ఏరండి. ఒకదానికొకటి రాసుకోకుండా విడివిడిగా కాగితంలో చుట్టి, ఒకే అట్టపెట్టెలో బల్లపరుపుగా పెట్టి, పైన లేబులు వివరాలు రాయండి. గాడిని ముల్లుతో ముట్టుకోకుండా బొమ్మ తీసి చదివే యంత్రాలు ఇప్పటికే ఉన్నాయి, అమెరికాలో బర్క్‌లీ ప్రయోగశాలలో తయారైన ఐరీన్ అలాంటిదే. దానికి ప్లేటు గుండ్రంగా తిరగనక్కర్లేదు, గాడి కనబడితే చాలు. మీ ఇంట్లో అలాంటి ముక్కలుంటే ఇవాళ రాత్రికే పెట్టెలో పెట్టండి.